చదవలేని బిడ్డను ఒకటో తరగతిలోనే గుర్తుపట్టడం, నిలబెట్టడం
(ప్రాథమిక ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

చదువులో వెనకబడుతున్న పిల్లలకు సాయం ఎలా చేయాలో చెప్పమన్నారు. విషయం పెద్దది, ఉన్న సమయం తక్కువ. అందుకని ఒకటి నుంచి మూడో తరగతి వరకు చదవడం రాని పిల్లల గురించే ఎక్కువ మాట్లాడతాను. లెక్కలు కొంచెం తడుముతాను. పెద్ద తరగతుల మాట చివర్లో.

మన స్కూళ్లలో అందరూ అనే మాట ఒకటుంది: 'చిన్నపిల్లాడు కదా, వాడే నేర్చుకుంటాడులే.' ఎవరూ దురుద్దేశంతో అనరు, ప్రేమతోనే అంటారు. కానీ లెక్కలు ఆ మాటను ఒప్పుకోవు. అమెరికాలో కోనీ జూయెల్ అనే పరిశోధకురాలు 54 మంది పిల్లలను ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గమనించి 1988లో ఫలితాలు ప్రచురించారు. ఒకటో తరగతి చివర చదవడంలో వెనకబడి ఉన్న బిడ్డ నాలుగో తరగతి చివర కూడా వెనకబడే ఉండే అవకాశం 0.88. అంటే వందకు 88 పాళ్లు. వదిలేస్తే వాళ్లంతట వాళ్లు కోలుకునేవాళ్లు ఉన్నారు, కాకపోతే చాలా కొద్దిమంది.

కారణం ఏమిటి? చదవడం కష్టమైన పిల్లవాడు తక్కువ చదువుతాడు. తక్కువ చదివేసరికి కొత్త మాటలు తెలియవు, వేగం రాదు. దాంతో చదవడం ఇంకా కష్టమవుతుంది. 1986లో కీత్ స్టానోవిచ్ ఈ వలయాన్ని వివరంగా చూపించారు. పైగా మూడో తరగతికి వచ్చేసరికి మనం చదవడం నేర్పడం ఆపేస్తాం. అక్కడి నుంచి చదివి తెలుసుకోమంటాం. పరిసరాల విజ్ఞానం, లెక్కల ప్రశ్నలు, అన్నీ చదివి తీరాల్సినవే. అప్పటిదాకా ఒక్క తెలుగు పీరియడ్‌లో ఉన్న ఇబ్బంది అన్ని పీరియడ్లకూ పాకుతుంది.

ఈ లోపు బిడ్డ దాచడం నేర్చుకుంటాడు. పక్కవాడు చదువుతుంటే విని పాఠం కంఠతా పట్టేస్తాడు. బొమ్మ చూసి చెప్పేస్తాడు. తన వంతు దగ్గరపడగానే నీళ్లకో, బాత్‌రూమ్‌కో వెళ్తాడు. తెలుగు పీరియడ్ ఉన్న రోజే కడుపునొప్పి వస్తుంది. పుస్తకం చూడకుండా పాఠం గడగడా అప్పజెప్పే పిల్లవాణ్ని 'బాగా చదువుతాడు' అనుకుని వదిలేయకండి. పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి 'ఇదేమిటి?' అని అడగండి. సంగతి తెలిసిపోతుంది.

ఇక పనిలోకి వద్దాం. అక్షరాల జోలికి వెళ్లేముందు చూడాల్సినవి మూడున్నాయి: కన్ను, చెవి, హాజరు.

పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకోవడం, ఒక కన్ను మూసి చదవడం, తల వంచి చూడటం, బోర్డు మీది రాత పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకోవడం, ఇవన్నీ కంటి పరీక్ష చేయించమని చెప్పే గుర్తులు. అక్షరాలు రాని పిల్లలకు ఇంగ్లిష్ 'ఈ' ఆకారాన్ని నాలుగు దిక్కులకు తిప్పి ముద్రించిన చార్టు ఉంటుంది. గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. చార్టు మీద రాసి ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి నిలబెట్టండి. ఒక్కో కన్నును విడివిడిగా చూడండి, మూసిన కన్ను వేళ్ల సందుల్లోంచి చూడకుండా కాగితం అడ్డం పెట్టండి.

చెవి సంగతి చాలామంది మర్చిపోతారు. జలుబు చేసినప్పుడల్లా మధ్యచెవిలో నీరు చేరే పిల్లలకు కొన్ని వారాలపాటు వినికిడి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఒక రోజు పిలిస్తే పలుకుతాడు, ఇంకో రోజు పలకడు. మనం 'పొగరు' అనుకుంటాం. తరగతిలో చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. బిడ్డ వెనక, చెయ్యి చాపినంత దూరంలో నిలబడండి. ఒక చెవి రంధ్రం ముందున్న చిన్న మొనను వేలితో నొక్కి రుద్దుతూ ఉండండి. రెండో చెవికి వినబడేలా మూడు అంకెలు గుసగుసగా చెప్పి, తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే మరో మూడు అంకెలతో ఇంకోసారి చూడండి. అప్పటికీ తడబడితే డాక్టరుకు చూపించాల్సిందే. ఇది రోగ నిర్ధారణ కాదు, జల్లెడ మాత్రమే.

హాజరు విషయంలో పది శాతం హద్దు గుర్తుపెట్టుకోండి. 200 పని దినాల్లో 20 రోజులు. నెలకు రెండు రోజులే కాబట్టి ఎవరికీ ఆనదు. రిజిస్టరులో నెలవారీ మొత్తం చూస్తే సరిపోదు, ఏ వారాలు రాలేదో చూడండి. గుణింతాలు చెప్పిన రెండు వారాలూ బడికి రాని బిడ్డకు ఉన్నది నేర్చుకునే సమస్య కాదు, పాఠం అందకపోవడం. ఈ రెంటికీ మందు వేరు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏడాదికి మూడుసార్లు, తరగతిలో ఉన్న ప్రతి బిడ్డకూ చేయాలి. 'వీడికి అవసరం లేదులే' అని ఎవరినీ వదలకూడదు, దాచేవాళ్లు దొరికేది అక్కడే. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. 40 మంది ఉంటే 160 నిమిషాలు. రోజుకు పదిమంది చొప్పున నాలుగు రోజుల్లో అయిపోతుంది.

ఆ నాలుగు నిమిషాల్లో ఏం అడగాలి? ముందు పుస్తకం లేకుండా, నోటితో: 'పలకలో ప తీసేస్తే ఏం మిగిలింది?' 'లక' అనాలి. ఇలాంటివి ఐదు. తర్వాత వరస కలిపేసిన 20 అక్షరాలు. వరసలో అడిగితే పాటలాగా అప్పజెప్పేస్తారు, అందుకే కలిపేయాలి. ఆ తర్వాత గుణింతాలు, ఇవి కూడా వరసలో కాకుండా: కి, గూ, తె, బో. తర్వాత మాటలు నాలుగు రకాలు. పలక, కోడి, అమ్మ, పుస్తకం. మొదటిది వట్టి అక్షరాలు, రెండోది గుణింతం, మూడోది ద్విత్వం, నాలుగోది సంయుక్తం. వీటికి తోడు అర్థం లేని మాటలు మూడు పెట్టండి, 'గమిత', 'టూలో', 'నేసుక' లాంటివి. తల్లిదండ్రులకు ఇది వింతగా అనిపిస్తుంది. కానీ కంఠతా పట్టిన బిడ్డ 'పుస్తకం' అని చదివేస్తాడు, 'గమిత' దగ్గర ఆగిపోతాడు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చో రాదో తేల్చేది ఈ మూడు మాటలే.

చివర ఒక నిమిషం పాటు చదివించండి. కొత్త పేరా ఇచ్చి, గడియారం పెట్టి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టండి. ఈ ఒక నిమిషం పద్ధతిని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డెనో బృందం రూపొందించింది. నియమాలు తేలిక. వదిలేసిన మాట తప్పు, మార్చి చదివినది తప్పు. మూడు సెకన్లు ఆగిపోతే మీరే చెప్పి తప్పు వేసుకోండి. మూడు సెకన్లలోపు తనే దిద్దుకుంటే ఒప్పు. మూడు పేరాలు చదివించి, మూడు అంకెల్లో మధ్యది తీసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో 'రెండో తరగతికి నిమిషానికి ఇన్ని మాటలు రావాలి' అని పట్టికలు దొరుకుతాయి. అవి ఇంగ్లిష్ పిల్లలవి. ఇంగ్లిష్‌లో మూడు నాలుగు మాటలయ్యేది మనకు ఒక్క మాటలో ఇమిడిపోతుంది. 'వెళ్ళిపోయినప్పుడు' అన్నది మనకు ఒకటే మాట. ఆ పట్టికలతో కొలిస్తే బాగా చదివే పిల్లలూ వెనకబడినట్టే కనిపిస్తారు. మీ తరగతి అంకెలనే పై నుంచి కింది దాకా వరసగా రాసుకోండి. అడుగున ఉన్న ఐదో వంతు పిల్లలను దగ్గరగా చూడండి. మొదటి ఏడాదికి అది చాలు.

మన లిపి గురించి ఇంకో మాట. ఇంగ్లిష్‌లో నేర్వాల్సిన అక్షరాలు 26. మనకు గుణింతాలూ వత్తులూ కలిస్తే గుర్తులు వందల్లోకి వెళ్తాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడం చదివే పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఈ గుర్తులన్నీ పట్టుబడటం ఒకటో తరగతితో తీరేది కాదని, పై తరగతుల దాకా సాగుతుందని అందులో కనిపిస్తుంది. కాబట్టి రెండో తరగతిలో వత్తుల దగ్గర తడబడితే కంగారు పడక్కర్లేదు. అదే రెండో తరగతి చివర వట్టి అక్షరాల దగ్గర తడబడితే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు.

మార్కులకన్నా తప్పులు ఎక్కువ చెబుతాయి. బిడ్డ చదివిందాన్ని చదివినట్టే రాసుకోండి. 'కాకి'ని 'కకి' అంటే దీర్ఘం పట్టుబడలేదు. 'పువ్వు'ను 'పువు' అంటే ద్విత్వం. పకు వకు, మకు యకు తికమకపడుతుంటే ఆకారాల సమస్య. 'పత్రిక'ను 'పతిరక' అన్నాడనుకోండి. చాలామంది ఇక్కడ 'సరిగ్గా చూడు' అని కసురుతారు. వాడు సరిగ్గానే చూశాడు! కాగితం మీద గుడి త నెత్తిన ఉంది, క్రావడి కింద ఉంది. పైనున్న 'తి' చదివి, తర్వాత 'ర' చదివాడు. పలకడంలో మాత్రం ఆ ఇకారం రకారం తర్వాత వస్తుంది. కంటికి కనిపించే వరస వేరు, నోట పలికే వరస వేరు. ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పకపోతే బిడ్డకు ఎలా తెలుస్తుంది? గుడిని వేలితో మూసి ముందు 'త్ర' అనిపించండి. వేలు తీసి 'త్రి' అనిపించండి. పత్రిక, రాత్రి, మిత్రుడు, శత్రువు. అలాంటివి పది మాటలు. రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది. 'బాగా చదువు' అని వందసార్లు చెప్పినా రానిది ఇది.

మరో చిన్న పరీక్షతో సమస్య ఎక్కడుందో ఇంకా తేటపడుతుంది. బిడ్డ చదవలేకపోయిన పేరానే మీరు చదివి వినిపించి, మూడు ప్రశ్నలు అడగండి. వింటే చెప్పగలుగుతున్నాడంటే భాష ఉంది, అక్షరాలు కూడబలుక్కోవడంలోనే చిక్కు. విన్నా చెప్పలేకపోతున్నాడంటే మాటలే తెలియవు. ఇంట్లో మాట్లాడేది వేరే భాష కావచ్చు. మొదటివాడికి అక్షరాల పని, రెండోవాడికి కథలు, కబుర్లు, మాటల పని. చదివి అర్థం చేసుకోవడమంటే ఈ రెండూ కలిస్తేనే అని ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ 1986లోనే చెప్పారు. ఇద్దరినీ ఒకే గుంపులో కూర్చోబెడితే ఇద్దరికీ నష్టం.

పరీక్ష అయ్యాక ముందు తరగతి మొత్తాన్ని చూడండి. సగం మంది గుణింతాల దగ్గరే ఆగిపోయి ఉంటే సాయం గుంపులు పెట్టకండి. అది పిల్లల సమస్య కాదు, పాఠం సమస్య. మర్నాటి నుంచి తరగతి అంతటికీ గుణింతాలు మళ్లీ చెప్పాలి. వినడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు.

తరగతి పాఠం గట్టిగానే ఉండి, ఐదారుగురు వెనకబడితే, అప్పుడు గుంపు. ముగ్గురు నుంచి ఐదుగురు, అంతకు మించొద్దు. ఒకే మెట్టు దగ్గర ఆగినవాళ్లే ఒక గుంపు. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు 20 నుంచి 40 నిమిషాలు. వారానికి ఒక్క రోజు రెండు గంటలు పెడితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. చిన్నపిల్లలు వారంలో మర్చిపోతారు.

అరగంట ఉంటే ఇలా పంచుకోండి. మొదటి మూడు నిమిషాలు నోటితో శబ్దాల ఆట. తర్వాత ఐదు నిమిషాలు పాత అక్షరాల కార్డులు. ఏడు నిమిషాలు ఆ రోజు కొత్త సంగతి: ముందు మీరు చేసి చూపండి, తర్వాత అందరూ కలిసి, తర్వాత ఒక్కొక్కరు విడిగా. పది నిమిషాలు చదవడం. చివరి ఐదు నిమిషాలు ఉక్తలేఖనం, పలక మీద ఐదారు మాటలు. పది కార్డులుంటే కొత్తవి మూడుకు మించొద్దు. అన్నీ కొత్తవే అయితే బిడ్డకు గెలిచిన అనుభవమే ఉండదు. చదవడానికి ఇచ్చే వాక్యాల్లో అప్పటిదాకా నేర్పిన అక్షరాలే ఉండాలి. ఇరవై మాటలకు ఒకటి కన్నా ఎక్కువ తప్పు పోతుంటే ఆ పేరా వాడికి ఇంకా బరువే.

తప్పు చదివినప్పుడు ఏం చేస్తామన్నది ముఖ్యం. వెంటనే ఆపండి. తప్పు పోయిన అక్షరం మీద వేలు పెట్టి మీరు చెప్పండి. బిడ్డతో అనిపించండి, మాటంతా చదివించండి, తర్వాత వాక్యం మొదటి నుంచి చదివించండి. అంతా పది సెకన్ల పని. 'బొమ్మ చూసి చెప్పు' అని మాత్రం అనకండి. అప్పటికే వాడికున్న అలవాటు అదే.

వారానికోసారి, అదే రోజు, ఆ ఒక నిమిషం పరీక్ష. గళ్ల కాగితం మీద చుక్క పెట్టండి. ఈ రోజు అంకె దగ్గర నుంచి, పన్నెండో వారానికి చేరాల్సిన అంకె దాకా స్కేలు పెట్టి గీత గీయండి. వరసగా నాలుగు చుక్కలు గీత కింద పడితే పద్ధతి మార్చాలి. నాలుగూ గీత పైన పడితే లక్ష్యం పెంచాలి. ఒకటి రెండు చుక్కలు చూసి తొందరపడొద్దు, జ్వరం వచ్చిన రోజూ ఉంటుంది.

పద్ధతి మార్చేముందు మాత్రం ఒక లెక్క చూడండి: నాలుగు వారాల్లో అనుకున్న క్లాసులు ఎన్ని, నిజంగా జరిగినవి ఎన్ని? పదహారు అనుకున్నచోట ఏడు జరిగి ఉంటే పద్ధతిని అనడానికి ఏమీ లేదు. సాయం విఫలమైందని చెప్పే చోట్ల చాలావరకు అసలు సాయం జరిగే ఉండదు. పరీక్షలు, మీటింగులు, టీచరు సెలవు, వార్షికోత్సవం రిహార్సళ్లు. క్లాసులు నిజంగా జరిగాయనుకుందాం. అప్పుడు ఒక్కటే మార్చండి. గుంపు తగ్గించడమో, రోజులు పెంచడమో, ఒక మెట్టు వెనక్కి వెళ్లడమో. మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడ్డాడో తెలియదు.

ఎక్కడెక్కడ దెబ్బతింటుందో కూడా చెబుతాను. ఆటల పీరియడ్‌లోంచి లాక్కొస్తే బిడ్డకు చదువంటేనే పగ పుడుతుంది. తెలుగు పీరియడ్‌లోంచే తీసుకొస్తే ఇక్కడిది అక్కడికి సరి, అదనంగా దక్కేదేమీ లేదు. సాయం పాఠానికి అదనంగా ఉండాలి, బదులుగా కాదు. 'పదిసార్లు రాసుకురా' అన్నది సాయం కాదు. చదవలేనివాడు పదిసార్లు చూసి గీస్తాడు, అంతే. కొత్తగా చేరిన వాలంటీరుకు అందరికన్నా కష్టమైన పిల్లలను అప్పగించడం ఇంకో పొరపాటు. వాళ్లకు కావాల్సింది స్కూల్లో అందరికన్నా బాగా చదవడం నేర్పగలిగిన టీచరు. హెడ్మాస్టర్లు ఈ ఒక్కటి సరిచేసినా చాలా మారుతుంది. గుంపులకు పేర్లు పెట్టి ఏడాదంతా అలాగే ఉంచొద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కలిపి మళ్లీ విడదీయండి. అదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోబెట్టి, అదే పాఠం అదే పద్ధతిలో చెబితే అదే ఫలితం వస్తుంది.

డిస్లెక్సియా, అంటే తెలివితేటలున్నా మాటలు చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది, దాని గురించి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. ఇంట్లో ఎవరికైనా చదవడం రాని ఇబ్బంది ఉంటే బిడ్డకూ వచ్చే అవకాశం ఎక్కువ, చేర్చుకునేటప్పుడే మెల్లగా అడిగి తెలుసుకోండి. ఆరేళ్లలోపు అక్షరాలు తిరగేసి రాయడం మామూలే, దాన్ని బట్టి ఏమీ తేల్చొద్దు. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలతో డిస్లెక్సియా తగ్గుతుందని చెప్పేవాళ్లకు డబ్బు కట్టొద్దని తల్లిదండ్రులకు చెప్పండి. అమెరికాలోని పిల్లల వైద్యులు, కంటి వైద్యుల సంఘాలు 2009లో ఉమ్మడి ప్రకటన చేశాయి, వాటికి శాస్త్రీయ ఆధారం లేదని. డాక్టరు సర్టిఫికెట్ వచ్చేదాకా సాయం ఆపకూడదు, అలాగని సాయం నడుస్తోంది కదా అని పరీక్ష వాయిదా వేయకూడదు. రెండూ పక్కపక్కన నడవాలి.

లెక్కల్లోనూ ఇదే చూపు. వేళ్ల మీద లెక్కపెట్టడం నేరమేమీ కాదు. ఎలా లెక్కపెడుతున్నాడో చూడండి. 8కి 3 కలపమంటే ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు ఒక మెట్టు కింద ఉన్నాడు, ఎనిమిది నుంచి 'తొమ్మిది, పది, పదకొండు' అనేవాడు ఒక మెట్టు పైన. 'మూడు వందల ఐదు' రాయమంటే 3005 రాస్తే వాడు చెవికి వినబడింది రాశాడు, స్థానాల విలువ రాలేదు. 52లోంచి 37 తీసేసి 25 అంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీశాడు. ఈ ముగ్గురికీ 'ఇంకో ఇరవై లెక్కలు చెయ్' అంటే ముగ్గురూ అదే తప్పును ఇరవైసార్లు గట్టిపరుచుకుంటారు.

పెద్ద తరగతుల్లో చూడాల్సినవి వేరు. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బాల్ఫాంజ్ బృందం ఆరో తరగతి పిల్లల రికార్డులు పరిశీలించి 2007లో ప్రచురించింది. హాజరు 80 శాతానికి తగ్గడం, లెక్కల్లో తప్పడం, ఇంగ్లిష్‌లో తప్పడం, క్రమశిక్షణ పేరుతో సస్పెండ్ కావడం. ఈ నాలుగింటిలో ఒక్కటున్నా మధ్యలో బడి మానేసే ప్రమాదం బాగా పెరుగుతుందని తేలింది. నాలుగూ ఆఫీసు గదిలోని రికార్డుల్లోనే ఉంటాయి. నెలకోసారి ముగ్గురు టీచర్లు కూర్చుని ఆ పేర్లు చూస్తే చాలు.

తల్లిదండ్రులతో 'మీవాడు చదవడం లేదండీ' అని మొదలుపెట్టొద్దు. గళ్ల కాగితం ముందుపెట్టి, 'గుణింతాలు వచ్చాయి, వత్తులు రాలేదు, పన్నెండు వారాలు ఇలా చేస్తున్నాం' అని చెప్పండి. ఇంటి పని పది నిమిషాలు, అంతే. చదువు రాని తల్లి అయితే బిడ్డ చదువుతుంటే విని, 'తర్వాత ఏమైంది?' అని అడిగితే చాలు.

(సభ నుంచి ఒక ప్రశ్న: ఒక్కరే టీచరు, రెండు తరగతులు. గుంపుకు టైమెక్కడిది?)

నిజమే, కష్టం. రోజూ మొదటి అరగంట రెండు తరగతులనూ కలిపేయండి, తరగతి ప్రకారం కాకుండా ఎవరు ఏ మెట్టు దగ్గర ఉన్నారో దాని ప్రకారం కూర్చోబెట్టండి. చదవడం వచ్చినవాళ్లు జంటలుగా ఒకరికొకరు చదివి వినిపిస్తారు. మీరు అడుగునున్న నలుగురితో కూర్చోండి. మొదటి రెండు వారాలు గోల ఉంటుంది. ఆ రెండు వారాలు జంటల పని నేర్పడానికే కేటాయించండి, గుంపు మూడో వారం నుంచి మొదలుపెట్టండి.

(ఇంకో ప్రశ్న: బిడ్డను గుంపులోంచి ఎప్పుడు బయటికి పంపాలి?)

తరగతిలో మధ్యస్థంగా ఉన్న పిల్లల అంకెను వరసగా మూడు వారాలు అందుకుంటే పంపండి. ఒక్కసారిగా ఆపేయకుండా ముందు వారానికి రెండు రోజులకు తగ్గించండి. పూర్తిగా ఆపాక మూడు నెలలపాటు నెలకోసారి ఆ ఒక నిమిషం పరీక్ష పెట్టండి. అంకె జారితే వెంటనే మళ్లీ పిలవండి. వేసవి సెలవుల తర్వాత మొదటి వారంలో ఈ పిల్లలనే ముందు చూడండి, ఎక్కువగా జారేది అప్పుడే.